కిటికీ పక్క రాతిబల్ల

మిల్లీగ్రాము చేసినంత అన్యాయం మసిబాబాయికి కట్టుకున్న పెళ్లాం కూడా చెయ్యలేదు. ఈ మాట ఆయన కనబడ్డవాళ్లందరితో అంటాడు, పెళ్లాంతో సహా. "తొందరపడకు, నేనింకా బతికే ఉన్నానుగా" అంటుంది ఆవిడ.

మిల్లీగ్రాము అంటే తూకపురాయి కాదు, మనిషే. వైద్య కళాశాలలో మందుల ప్రయోగశాలకి కొత్తగా వచ్చిన లెక్చరరమ్మ. మనిషి చీపురుపుల్లకి దగ్గరి చుట్టం, మాట మాత్రం మేకు. ఉప్పు వేశానంటే ఎన్ని మిల్లీగ్రాములంటుంది, నీళ్లు పోశానంటే ఎన్ని మిల్లీలీటర్లంటుంది. "వచ్చారా బాబాయ్" అని నవ్వుతూ పలకరిస్తూనే గడియారం చూస్తుంది. ఆమెకి ఆ పేరు పెట్టింది మసిబాబాయే. ఆ ప్రయోగశాలలో అటెండరైన ఆయనకి మసిబాబాయి అని పెట్టింది ఎవరో మాత్రం ఇరవై ఆరేళ్లుగా తేలలేదు. తేలితే వాడి సంగతి చూద్దామని ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు.

చేరిన రోజే ఆమె చేతిసంచిలోంచి కొలత టేపు తీసింది. అంత గదినీ వదిలేసి తిన్నగా కిటికీ పక్కనున్న రాతిబల్ల దగ్గరికి వెళ్లి, ఆ కొసనుంచి ఈ కొసకి టేపు లాగి, "వెయ్యీ ఎనిమిది వందల ఎనభై మిల్లీమీటర్లు" అంది.

"ఎవరికమ్మా, పాడెకా?" అన్నాడు మసిబాబాయి.

"మెషీనుకి బాబాయ్."

ఆ రోజు నుంచి ఆయనకి తిన్నది ఒంటపట్టలేదు.

ఆ బల్ల సంగతి తెలిస్తే గాని ఆ బాధ అర్థం కాదు. గదిలో మిగతావన్నీ చెక్కబల్లలు. ఒకదానికి కాలు పొట్టి, ఒకదానికి కీళ్లనొప్పులు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, అన్నీ కలిసి వణుకుతాయి. రాతిబల్ల ఒక్కటే గోడలోకి దిగ్గొట్టినది. ముందు గోడ కూలాలి, ఆ తరవాతే అది కదలాలి. ఉత్తరం కిటికీ గనక వెలుతురు వస్తుంది, ఎండ రాదు. మసిబాబాయి డ్రమ్ము, దీపం, ఉప్పునీళ్ల సీసాలు, టీగ్లాసు, కళ్లజోడు పెట్టె అన్నీ దానిమీదే ఉండేవి. ఇంట్లో ఆయనకి ఇంత చోటు లేదు. పడక్కుర్చీ మామగారిది, బీరువా పెళ్లాంది, వరండా కూతురిది. ఆయనకంటూ ఉన్నది చెప్పుల స్టాండులో ఒక అర, అదీ కింది అర.

ఇక పని సంగతి. గుండెని పక్కనపెడితే మన ఒంట్లో కండరాలు రెండు రకాలు. చెప్పినమాట వినేవి ఒక రకం, చెయ్యెత్తమంటే ఎత్తుతాయి. చెప్పినా విననివి రెండో రకం. పేగులోనూ గర్భసంచిలోనూ రక్తనాళాల గోడల్లోనూ ఉంటాయి. నునుపు కండరాలని పుస్తకాల్లో పేరు. వాటిమీద ఎవరి పెత్తనమూ సాగదు. నిదానంగా ముడుచుకుంటాయి, ఇంకా నిదానంగా వదులుతాయి. "మన ఆఫీసు గుమాస్తాలాగే" అని మసిబాబాయి ఏటేటా కొత్తపిల్లలకి చెప్పేవాడు. "ఒకటే తేడా. పేగు మందుచుక్క పడితే కదులుతుంది."

ఏ మందు ఎంత ముడుచుకునేలా చేస్తుందో కొలవాలంటే గినీపంది పేగులో వేలెడు ముక్క తీసుకుని, ఒంటివేడికి కాచిన ఉప్పునీళ్లు పోసిన గాజుగొట్టంలో వేలాడదీయాలి. కింది కొసని దారంతో కొక్కేనికి కట్టాలి, పై కొసని లీవరు పొట్టిచేతికి కట్టాలి. అడుగునుంచి గాలిబుడగలు వదులుతూ ఉండాలి. తాను ఒంట్లోంచి బయటికొచ్చిన సంగతి పేగుకి తెలియకూడదు, అదీ విద్య. తెలియనంతసేపూ అది బతికే ఉంటుంది. మందుచుక్క పడగానే ముడుచుకుని దారాన్ని లాగుతుంది. లీవరు పొట్టిచెయ్యి దిగుతుంది, పొడుగుచెయ్యి లేస్తుంది, దాని ములుకు తిరుగుతున్న డ్రమ్ము మీద మసికాగితాన్ని గీరుకుంటూ పోతుంది. నల్లటి మసిలో తెల్లటి కొండ లేస్తుంది. గోరంతని కొండంత చెయ్యడమే ఆ లీవరు ఉద్యోగం.

కాగితానికి మసి పట్టించడం మసిబాబాయి ఒక్కడికే చాతనైన పని. నున్నటి కాగితం డ్రమ్ముకి చుట్టి, కిరసనాయిలు దీపం పొగమీద తిప్పాలి. మసి పలచనైతే గీత కనబడదు, మందమైతే ములుకు ఇరుక్కుపోతుంది. గీత పడ్డాక వార్నిషులో ముంచి ఆరేసేదాకా ఎవరూ తుమ్మకూడదు. ఆ మసి ఆయన చెవుల్లో, కనుబొమల్లో, గోళ్లసందుల్లో కాపురముండేది. వాళ్లావిడ తలగడలకి తెల్లగలీబులు వెయ్యడం మానేసి చాలాకాలమైంది.

ఇంత పనిమంతుడికి ఒక రహస్యముంది. ఎడమచేతి చిటికెనవేలు.

ఇరవై ఏళ్లకిందట ఒక పరీక్ష రోజున ఒక పిల్లాడి పేగు చచ్చూరుకుంది. ఎంత మందు పోసినా ఉలుకూ లేదు పలుకూ లేదు. "బాబాయ్, ఇది తప్పితే మా నాన్న చదువు మానిపించేస్తాడు" అని వాడు గొణిగాడు. చదువు మానడమంటే ఏమిటో ఆ గదిలో మసిబాబాయికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయన ఆరో తరగతిలో మానేశాడు. పరీక్షకి వచ్చిన పెద్దమనిషికి వీపు పెట్టి, కుడిచేత్తో సీసా తుడుస్తున్నట్టు నించుని, ఎడమ చిటికెనవేలితో లీవరు పొట్టిచేతిని చిన్నగా కిందికి నొక్కాడు. డ్రమ్ము మీద కొండ లేచింది. కుర్రాడు పాసయ్యాడు.

అప్పటినుంచి ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఆ వేలికి బతికిపోయేవారు. దొంగతనమైనా పనితనముండాలన్నది ఆయన పట్టుదల. అసలు పేగు మొదట ఒక్క ఊపున లేస్తుంది, తరవాత నెమ్మదిస్తుంది, పైన కాసేపు ఆయాసపడుతుంది, నీళ్లు మార్చగానే జారుతుంది. వేలు కూడా అలాగే లేవాలి, అలాగే అలిసిపోవాలి. మోతాదు రెట్టింపు చేశారు గదా అని కొండని రెట్టింపు చెయ్యకూడదు. "పేగుకి అత్యాశ ఉండదు" అనుకునేవాడు.

పిల్లల విషయం పుణ్యంలో వేసుకున్నా, పెద్దాయన విషయం మాత్రం పాపమే.

పెద్దాయనంటే ఆ విభాగానికి అధిపతి. పద్దెనిమిదేళ్ల కిందట, జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో, ఆయన ఏదో అడవి ఆకు కషాయం పేగుని ముడుచుకునేలా చేస్తుందని నమ్మాడు. పదకొండు పేగులు కట్టారు. ఒక్కటీ కదల్లేదు. పన్నెండోది కట్టిన మధ్యాహ్నం ఆయన "మొహం కడుక్కొస్తానోయ్" అని వెళ్లాడు. వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్లు మొహం మీద లేవు, కళ్లలో ఉన్నాయి. మసిబాబాయి మనసు కరిగింది. మనసు కరిగితే ఆయనకి వేలు ఆగదు. కషాయం మూడు మోతాదులు పడ్డాయి, మూడు కొండలు లేచాయి, మెట్లమెట్లుగా, ఒకదాన్ని మించి ఒకటి. పెద్దాయన ఆయన్ని కావలించుకున్నాడు. తెల్లకోటు మీద మసిబాబాయి ఆకారం అచ్చుపడింది.

ఆ కాగితం వార్నిషు ఆరకముందే పటం కట్టారు. పెద్దాయన కుర్చీ వెనక గోడకి ఎక్కింది. దాన్ని చూసుకుని ఆయన వ్యాసం రాశాడు, ఆ వ్యాసాన్ని చూసుకుని పైవాళ్లు ఆయనకి ఆ కుర్చీ ఇచ్చారు. "ఏమోయ్ మసీ, నేనున్నన్నాళ్లూ ఆ రాతిబల్ల నీది. ఎవరడిగినా నా పేరు చెప్పు" అన్నాడు. అలా బల్ల సంపాదించింది ఆ చిటికెనవేలే. ఆ సంగతి బల్ల ఇచ్చినవాడికే తెలియదు.

మళ్లీ మిల్లీగ్రాము దగ్గరికొద్దాం. ఆమె మెషీను చూడ్డానికి ఏమంత కాదు. అగ్గిపెట్టెలో సగమంత డబ్బీ, దానికొక కొక్కెం, డబ్బీలోంచి కంప్యూటరుకి ఒక తీగ. పేగు దారం కొక్కేనికి తగిలిస్తే, పేగు ఎంత బలంతో లాగుతోందో గ్రాముల లెక్కన తెరమీద గీత వస్తుంది. దీపం లేదు, మసి లేదు, తుమ్ముకోవచ్చు. కాకపోతే దానికి చెవులు మరీ పెద్దవి. చెక్కబల్ల మీద పెడితే వరండాలో నడిచేవాళ్ల అడుగులు రాసింది. తలుపు వేస్తే రాసింది. మసిబాబాయి దగ్గితే అదీ రాసింది.

"చాడీలకోరు మెషీను" అన్నాడాయన.

"అందుకే కదలని బల్ల కావాలి బాబాయ్" అని ఆమె పెద్దాయన దగ్గరికి వెళ్లింది. వెళ్లినది బల్ల అడిగి ఊరుకోవచ్చుగా. గోడ మీది పటం చూసి "పాతపద్ధతి సార్, ఇప్పుడెవరూ నమ్మరు" అంది. పెద్దాయనకి ఎక్కడో కాలింది.

"అలాగా అమ్మాయ్! ఆ పటంలో ఉన్నది నా కషాయం. అదే కషాయం నీ మెషీను మీద చూపించు. మూడు కొండలొస్తే బల్ల నీది. రాకపోతే మెషీను స్టోరుగదికి పోతుంది. వచ్చే గురువారం నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద నేను నాలుగు ముక్కలు రాయాలి. ఆ నాలుగు ముక్కలూ దీన్నిబట్టే ఉంటాయి."

తలుపు పక్కన నించుని విన్న మసిబాబాయికి టీ తాగకుండానే హుషారొచ్చింది. ఆ కషాయం కుళాయినీళ్ల పాటి చెయ్యదని ఆయనకి తెలుసు. మెషీను నిజం చెబుతుంది. నిజం చెప్పినందుకు స్టోరుగదికి పోతుంది. తాను చెయ్యాల్సింది నోరు మూసుకోవడం, అంతే.

నోరు మూసుకోవడం అంత తేలిక కాదని మూడోనాటికి తెలిసింది.

మిల్లీగ్రాము పొద్దున్నే వచ్చి పేగు కట్టేది. కషాయం పోసేది. తెరమీద గీత ఇస్త్రీ చేసినట్టు సాపుగా పోయేది. నీళ్ల వేడి చూసేది, ఉప్పులు మళ్లీ తూచేది, కొక్కేనికి ఒక గ్రాము బిళ్ల తగిలించి మెషీను సరిగ్గా ఉందో లేదో చూసుకునేది. మళ్లీ కట్టేది. మళ్లీ సాపు. ఐదోరోజున ఆయన దగ్గరికే వచ్చింది.

"బాబాయ్, పేగు కట్టడం నాకు నేర్పండి."

"నువ్వు పెద్దచదువు చదివావు కదమ్మా."

"చదివితే ముడి పడుతుందా?"

ఆ మాట ఆయనకి నచ్చింది. నచ్చినందుకు తనమీద తనకే కోపమొచ్చింది. అయినా నేర్పాడు. పేగుని వేళ్లతో పిసక్కూడదు, దారం గోడకి ఒక పక్కనే దూర్చాలి, నోరు మూసుకుపోయేలా బిగించకూడదు, మొదట అరగంట దాన్ని కదిలించకుండా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. "కొత్తకోడలు ఇంటికొచ్చినట్టమ్మా. రాగానే పని చెప్పకూడదు." ఆమె రెండోసారికే పట్టేసింది. పరీక్షకోసం మామూలు మందు ఒక చుక్క వేస్తే పేగు మూడు గ్రాముల బలంతో లాగింది. గీత చూడముచ్చటగా లేచింది. అప్పుడు కషాయం పోసింది. సాపు.

ఆమె కుర్చీలో కూలబడింది. "నా చేతిలోనే ఏదో లోపముంది బాబాయ్. మీ చేతికి పలికింది నాకు పలకడం లేదు."

"చేతివాటం ఉండాలమ్మా" అన్నాడాయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మా అమ్మ నాతో వచ్చేసింది. ఉద్యోగం ఖాయమైతే గాని పెట్టెలు విప్పనంటోంది. ఐదు నెలలుగా ఇద్దరం పెట్టెల మీదే కూర్చుని తింటున్నాం. ఒక పెట్టె మీద కంచం, ఒక పెట్టె మీద మేం. నిన్న గరిట కావాలంటే ఏ పెట్టెలో ఉందో తెలియక చెంచాతో సర్దుకున్నాం." నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు ఆయనకి నచ్చలేదు.

ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పాడు. వేలి సంగతి తెలిసినది ఆవిడొక్కతే.

"నిజం చెప్పెయ్యరాదూ."

"చెబితే బల్ల పోతుందే."

"చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది."

"దాని ఉద్యోగం నాకెందుకు? నా బల్ల కొలిచింది!"

"కొలిస్తే అరిగిపోయిందా?" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ తలగడ చూపించి, "బల్ల పోతే ఇది తెల్లబడుతుంది. నా ఓటు అటే" అంది.

బుధవారం నాడు పెద్దాయన కొత్త మెలిక పెట్టాడు. "ఏమోయ్ మసీ, రేపు నీ డ్రమ్ము కూడా పెట్టు. ఒకే పేగు రెండు ముక్కలు చేసి, ఒకటి నీకు, ఒకటి అమ్మాయికి. పిల్లలందరినీ రమ్మను. పాతది గొప్పో కొత్తది గొప్పో అందరి ముందూ తేలాలి."

మసిబాబాయికి ఇక నోరు మూసుకుంటే చాలదు. డ్రమ్ము మీద కూడా గీత సాపుగా వస్తే పటం సంగతి ఏమిటని అడుగుతారు. అంటే వేలు మళ్లీ దిగాలి. ఆ వేలు చూసుకున్నాడు. దారం కోసుకుపోయిన చోట రెండు రోజులుగా సలుపుతోంది. సాయంత్రానికి ఎర్రగా ఉబ్బి గోరుచుట్టు అయి కూర్చుంది. పది వేళ్లున్నాయి మనిషికి. దానికి ఎడమచేతి చిటికెనవేలే దొరికింది.

వాళ్లావిడ నిమ్మకాయకి తొర్ర చేసి వేలికి తొడిగింది. "టోపీ బాగుంది" అంది. "మంచిపనికి కాదు గనక దేవుడే ఆపుతున్నాడు."

"దేవుడికి వేరే పనిలేదా, గోరుచుట్లు పంచుకుంటూ తిరగడానికి?"

గురువారం పదిగంటలకి గది కిక్కిరిసింది. వెనకవాళ్లు స్టూళ్లెక్కారు. న్యాయంగా ఉండాలని రెండిటినీ రాతిబల్ల మీదే పెట్టించాడు పెద్దాయన. ఒక కొసని మసిబాబాయి డ్రమ్ము, ఇంకో కొసని మిల్లీగ్రాము మెషీను, మధ్యలో ఆయన టీగ్లాసు సరిహద్దు రాయిలా నించుంది. మసిబాబాయి నిమ్మకాయ తీసి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దాయన తన చేత్తోనే రెండు గొట్టాల్లోనూ కషాయం పోశాడు.

తెరమీద గీత సాపు. పిల్లలు గుసగుసలాడారు. మిల్లీగ్రాము పెదవి బిగపట్టి తెరనే చూస్తోంది. మసిబాబాయి ఆమె వైపు ఒకసారి చూశాడు. పెట్టెలు గుర్తొచ్చాయి, గరిట గుర్తొచ్చింది. తరవాత బల్ల చూశాడు. పద్దెనిమిదేళ్ల టీగ్లాసు మరకలు, వలయం మీద వలయం. జనానికి వీపు పెట్టి కుడిచేత్తో సీసా తుడవడం మొదలెట్టాడు. ఎడమ చిటికెనవేలు దిగింది.

నొప్పికి కళ్లముందు చుక్కలు కాదు, మొత్తం ఆకాశమే కనబడింది. వేలు వేలులా లేదు, అక్కడికే గుండె దిగివచ్చి కొట్టుకుంటున్నట్టుంది. అయినా వదల్లేదు. ఒక కొండ, నీళ్లు మార్చడం, రెండో కొండ, నీళ్లు మార్చడం, మూడోది. మెట్లమెట్లుగా.

"చూశారా!" పెద్దాయన చప్పట్లు కొట్టాడు. "పద్దెనిమిదేళ్లయినా చెక్కుచెదర్లేదు! అమ్మాయ్, నీ మెషీను చెవిటిది." జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, ఆమె ఉద్యోగం కాగితం ముందుకు లాక్కున్నాడు.

మిల్లీగ్రాము ఏడవలేదు. భూతద్దం తీసుకుని డ్రమ్ము మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది. పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతోంది.

"సార్, ఈ కొండలకి పళ్లున్నాయి."

"ఏమిటీ?"

"గీత నునుపుగా లేదు సార్, రంపంలా ఉంది. ఒక్కో కొండకి అర నిమిషం. దాంట్లో నలభై ఒక్క పళ్లున్నాయి. అంటే నిమిషానికి ఎనభై రెండు. మూడిటికీ అంతే." భూతద్దం దించింది. "పేగు ఇలా కొట్టుకోదు సార్. ఇది నాడి. ఈ పేగుకి ఎక్కడో గుండె ఉండాలి."

స్టూళ్ల మీదినుంచి కిసుక్కున నవ్వులు రాలాయి. మసిబాబాయి వేలు జేబులోకి, నిమ్మకాయలోకి దూరిపోయింది.

పెద్దాయన కూడా వంగి చూశాడు. చూసి, లేచి, మొహం వెలిగించుకుని, "గుండె లేని పేగుకి నాడి తెప్పించిందన్నమాట నా కషాయం! ఇది కొత్త గుణం! పద్దెనిమిదేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు! రాసుకో అమ్మాయ్, రాసుకో!" అన్నాడు.

"రాస్తాను సార్. పాత కాగితంలో కూడా పళ్లున్నాయేమో చూసి రాస్తాను."

పటం దింపించారు. ఆమె దుమ్ము తుడిచి అద్దం మీదినుంచే చూసింది. "లేవు సార్. ఇది వెన్నలా ఉంది."

పెద్దాయన మొహం వాడిపోయింది. అంతలోనే మళ్లీ తేరుకున్నాడు. "అయితే ఆనాడు లీవరు సరిగ్గా బిగించి ఉండడు మసి. నాడి రాయాల్సింది, రాయలేదు. అప్పట్లో పని తెలిసేది కాదులే పాపం. నాసిరకం పని."

మసిబాబాయి ఎన్నో పడ్డాడు. జీతం పెంచకపోతే పడ్డాడు, మసి అంటే పడ్డాడు, చెప్పుల స్టాండులో కింది అర ఇస్తే పడ్డాడు. నాసిరకం అంటే మాత్రం పడలేకపోయాడు.

"నాసిరకమా?" గొంతు ఆయనది కానట్టు లేచింది. "సార్, ఆ మూడోకొండ చూడండి! ఎక్కడం చూడండి, పైన ఆయాసం చూడండి, దిగడం చూడండి! అలా గీసేవాడు ఇంకొకడు పుట్టాలి! పళ్లు లేకుండా గీయడమే పనితనం. ఇవాళంటే ఇలా వచ్చింది గాని, ఆనాడు నాకు గోరుచుట్టు లేదు సార్!"

అన్నమాట చెవికెక్కేసరికి మసిబాబాయి జేబులో చెయ్యి ఇంకా లోతుకి దూర్చాడు. పెద్దాయన మొహం నునుపు కండరంలా నిదానంగా ముడుచుకోవడం మొదలైంది. "గోరుచుట్టుకీ నా కషాయానికీ ఏమిటోయ్ సంబంధం?"

మిల్లీగ్రాము వచ్చి మసిబాబాయి జేబులోంచి చెయ్యి బయటికి తీసింది. నిమ్మకాయతో సహా వచ్చింది. మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "నూట పద్దెనిమిది" అంది.

"ఇప్పుడు భయానికి పరిగెత్తుతోందమ్మా" అన్నాడాయన. "ఇందాక నువ్వు చెప్పినట్టు ఎనభై రెండే ఉండుంటుంది."

పెద్దాయన కాగితం పక్కనపెట్టి లేచి వచ్చాడు. "చూపించు" అన్నాడు.

మసిబాబాయి వీపు తిప్పలేదు, సీసా తుడవలేదు. అందరూ చూస్తుండగా చిటికెనవేలు లీవరు పొట్టిచేతి మీద పెట్టాడు. కొండ లేచింది, ఆయాసపడింది, దిగింది. తరవాత మిల్లీగ్రాము చెబితే మెషీను కొక్కెం మీద కూడా పెట్టాడు. గీత తెర పైఅంచు తన్ని బయటికి పోయింది. "పేగు మూడు గ్రాములు లాగుతుంది సార్" అందామె మెల్లిగా. "ఇది నలభై దాటింది."

పెద్దాయన పటం చేతిలోకి తీసుకున్నాడు. అరచేత్తో అద్దం తుడిచాడు. "నిజం చెప్పరా. ఆ రోజు మూడూ నీవేనా? ఒక్కటైనా పేగుది ఉందా?"

"లేదు సార్."

"ఒక్కటి కూడా?"

"మీరు మొహం కడుక్కోడానికి వెళ్లొచ్చారు సార్. చూడలేకపోయాను."

ఆయన పటాన్ని కిటికీ వెలుతురుకి తిప్పాడు. "మూడోది మాత్రం చాలా బాగుందిరా" అన్నాడు. పెన్నుకి మూత పెట్టబోయి, మళ్లీ తీసి, మిల్లీగ్రాము కాగితం మీద నాలుగు ముక్కలు కాదు, పేజీడు రాశాడు.

తరవాత జరిగినవన్నీ మంచివే, ఒకటి తప్ప. పెద్దాయన ఆ పాత వ్యాసం తప్పని పత్రికకి రెండు వాక్యాల ఉత్తరం రాశాడు. రెండు వాక్యాలకి మూడు వారాలు పట్టింది. దాన్ని పోస్టుడబ్బాలో వేసింది మసిబాబాయే, ఆ వేలితోనే. ఆయన ఉద్యోగం తీసెయ్యలేదు. తీసెయ్యాలంటే ఎందుకో రాయాలి, ఎందుకో రాయాలంటే వేలి గురించి రాయాలి, అది రాయడానికి ఆఫీసు గుమాస్తా దగ్గర తగిన ఫారం లేదు. పరీక్షల్లో పేగు చచ్చిపోతే ఇప్పుడు ఇంకో పేగు ఇస్తున్నారు. ఆ మాత్రం దానికి ఇరవై ఏళ్లు ఎవరికీ ఎందుకు తట్టలేదో తెలియదు. మిల్లీగ్రాము ఉద్యోగం ఖాయమైంది. వాళ్లమ్మ పెట్టెలు విప్పింది, మూడు గరిటలు దొరికాయి. పటం పెద్దాయన మసిబాబాయికే ఇచ్చేశాడు. దానికింద మిల్లీగ్రాము అందమైన అక్షరాలతో చీటీ అంటించింది: "ఎడమచేతి చిటికెనవేలు. మూడు మోతాదులు." ఇంట్లో అది చెప్పుల స్టాండు పైన వేలాడుతోంది. ఇంకెక్కడా చోటు లేదంది ఆవిడ. తలగడలకి మాత్రం తెల్లగలీబులొచ్చాయి.

పేగు కట్టడానికి ఇప్పటికీ ఆయనే కావాలి. ఆయన కట్టిన ముడికి పలికినట్టు ఇంకెవరి ముడికీ మెషీను పలకదని మిల్లీగ్రామే ఒప్పుకుంది. పనికి పిలుస్తుంది, "కాస్త జరగండి బాబాయ్, మీ ఊపిరి గీతలో పడుతోంది" అంటుంది. రాతిబల్ల మొత్తం మెషీనుకి పోయింది, ఆయన డ్రమ్ముని కాలు పొట్టిదైన చెక్కబల్ల మీదికి మార్చారు. కాలికింద మడిచిన కాగితం పెట్టినా అది వణుకుతూనే ఉంటుంది. టీగ్లాసుకి చోటు లేదు, చేత్తో పట్టుకుని తాగాలి.

అందరూ బాగుపడ్డారు. నష్టపోయింది ఆయనొక్కడే. ఎంత నష్టమో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆయన వేలు మడిచి చెబుతాడు: పొడవు ఆరడుగుల రెండంగుళాలు, వెడల్పు రెండడుగుల తొమ్మిదంగుళాలు. వెరసి పదిహేడు చదరపు అడుగులకి ఆరు చదరపు అంగుళాలు తక్కువ.